డిసెంబరులో పలుచన చేసిన ప్లాటు

1978లో నన్ను ఆళ్లగడ్డకు అటవీ శాఖ రేంజి ఆఫీసరుగా వేశారు. ఆ రేంజిలో ఒక ప్రయోగపు ప్లాటు ఉండేది. ఆస్ట్రేలియా లోపలి మెట్టప్రాంతాల్లో తనంతట తానే పెరిగే, ఏడాది పొడుగునా పచ్చగా ఉండే సైప్రస్ పైన్ చెట్టు మన నేలలో నిలుస్తుందా అని చూడటానికి, నా ముందరి ఆఫీసరు నాటించాడు. నేను చేరేసరికి చెట్లు మనిషి ఎత్తు దాటాయి. ఏటా జనవరిలో వాటి ఎత్తు కొలిచి పైకి పంపాలి. కొన తెగిన చెట్టు కొలతకు పనికిరాదు.

ఆ డిసెంబరులోనే చాలా చెట్ల కొనలు ఎవరో నరుక్కుపోయారు. జనవరి కొలతలు చూసి నంద్యాలలోని మా డివిజన్ అధికారి మండిపడ్డారు. మళ్లీ ఏడు ఇలాగే ఉంటే ప్లాటు మూసేస్తామన్నారు. నాకు ఒళ్లు మండింది. కొనలు క్రిస్మస్ చెట్లుగా పోయాయని తెలిసి, పక్క ఊరి చర్చి పెద్ద దేవదానం మాస్టారును పిలిపించి కేసు రాస్తానని బెదిరించాను.

ఆయన తొణకలేదు. "రాసుకో సారూ. పండగకు చర్చిలో పచ్చచెట్టు నిలబెట్టల్ల. సరుగుడు ఈ పక్క దొరకదు. మేం యాడికి పోవల్ల?"

 కోపం దిగాక ఆలోచన వచ్చింది. ఒత్తుగా నాటిన ప్లాటులో కొమ్మలు రాసుకునే వేళకు చెట్టు విడిచి చెట్టు కొట్టేయాలి. మేం దాన్ని పలుచన చేయడం అంటాం. అది ఎండాకాలంలో చేయాల్సిన పని. దాన్ని డిసెంబరు దాకా ఆపి, కొట్టిన చెట్లు చర్చిలకు ఇస్తామని రాసి పంపాను. డివిజన్ అధికారి గొణిగి, చివరికి సంతకం పెట్టారు. మాస్టారుతో ఒక్కటే షరతు: మిగిలిన చెట్ల జోలికి ఎవరూ రాకూడదు, మేకలు కూడా.

డిసెంబరులో తారు గుర్తు పెట్టిన చెట్లు కొట్టించాం. చర్చిలవాళ్లు బండ్లు కట్టుకొచ్చి పాటలు పాడుకుంటూ తీసుకుపోయారు. ఒకడు మేకను తోలుకొస్తే వాళ్లే తరిమేశారు. జనవరిలో టేపు పట్టుకుని తిరిగితే ఒక్క కొనా తెగలేదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. తనిఖీకి వచ్చిన కన్జర్వేటరు, మా డివిజన్ అధికారికి పై అధికారి, ప్లాటంతా తిరిగి, దీన్ని కొనసాగించాలని అక్కడికక్కడే రాసిచ్చారు. తర్వాతి ఏళ్లలో కింది కొమ్మల కత్తిరింపు కూడా డిసెంబరులోనే పెట్టి, ఆ కొమ్మలు చర్చిలకే ఇచ్చాను.

చెట్టు కొట్టినవాడిని పట్టుకోవడం మాకు శిక్షణలోనే నేర్పారు. వాడికి ఆ చెట్టు ఎందుకు కావాలో అడగడం ఆళ్లగడ్డలో నేర్చుకున్నాను. ఆ ప్లాటు పేరు చెప్పి ఆ తర్వాత ఒక్క కేసు కూడా రాయలేదు.