ఆకుల లెక్కనే

హుస్సేనీ ఆలంలో మా బావ పెంటయ్య తమలపాకుల దుకాణం తెలియనివాళ్ళు లేరు. రోహిణి ఎండల్లో కూడా ఆయన దగ్గర ఆకు వాడిపోయేది కాదు. గుడ్డ ఎప్పుడు మార్చాలో, నీళ్ళు ఎన్ని చిలకరించాలో ఆ చేతికి తెలుసు. ఆ పేరు విని, సర్కారు రోడ్లు వేసే గుత్తేదార్ ఈశ్వరయ్య, ప్రయాణాల్లో తన పాన్‌దాన్ మోయడానికి ఆయన్ని కొలువులో పెట్టుకున్నాడు. బావ దుకాణం ఇంకొకరికి అప్పజెప్పాడు. అక్కడే చెడింది.

పంతొమ్మిది వందల ముప్పై ఆరు ఎండాకాలంలో ఈశ్వరయ్య బొంబాయి బయలుదేరాడు. అక్కడ ఒక తెల్ల ఇంజనీరును మంచి చేసుకుంటే వంతెన పని దొరుకుతుంది. ఆ దొరకు పాన్ పనికిరాదు కదా, పెట్టె నిండా సీమచుట్టలు తెప్పించాడు. నాంపల్లిలో రైలెక్కుతూ పెట్టె బావ చేతికిచ్చాడు.

"జర పైలం పెంటయ్యా. ఎండితే పలుగుతయట. నీ ఆకుల లెక్కనే చూసుకో."

"ఫికర్ చెయ్యకుండ్రి సేటూ. ఆకుల లెక్కనే చూస్త."

అలాగే చూశాడు. ప్రతి స్టేషన్‌లో గుడ్డ తడిపి కప్పాడు. వడగాలి తగలకుండా పెట్టెను ఒళ్ళో పెట్టుకున్నాడు. తాను తాగాల్సిన నీళ్ళు కూడా దానిమీదే చిలకరించాడు. సీమచుట్టకు కాస్త చెమ్మ చాలు, నీళ్ళు తగిలితే కుళ్ళిపోతుందని ఆయనకు ఎవరు చెప్పారు?

బొంబాయిలో వారం పడిగాపులు కాశాక దొర పిలిచాడు. మూత తీస్తే చుట్టలు ఉబ్బి, పగిలి, తెల్లగా బూజు పట్టి ఉన్నాయి. దొర ముక్కు మూసుకున్నాడు. ఈశ్వరయ్య ఘటికుడు. తన నౌకరు వీటిని తమలపాకులనుకున్నాడని నవ్వుతూ చెప్పాడు. దొర పడీపడీ నవ్వాడు. వంతెన పని దొరికింది.

అంతటితో పోతే బాగుండేది. కథకు గిరాకీ ఉందని ఈశ్వరయ్య పసిగట్టాడు. మంచి చుట్టలకు కొత్త పెట్టె కొన్నాడు గానీ, బూజు పెట్టెను పారేయనివ్వలేదు. ఏ ఊరు వెళ్ళినా బావ రెండూ మోయాలి. అధికారికి చుట్ట ఇచ్చాక, "పెంటయ్యా, నీ ఆకులు తే!" అనేవాడు. బావ మూత తీసి నిలబడాలి, వాళ్ళు నవ్వాలి. నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండింది, పంటంతా ఈశ్వరయ్య ఇంటికే చేరింది.

పదేళ్ళపాటు చెప్పిన ఆ కథలో "నీ ఆకుల లెక్కనే చూసుకో" అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"గా మాట నువ్వన్న చెప్పరాదు?" అనేది మా అక్క కొమురమ్మ.

"చెప్త. మోకా రానీ."

పోలీసు చర్యకు ముందటి ఏడాది ఈశ్వరయ్యకు పక్షవాతం వచ్చింది. నోరు పడిపోయింది. ఒక రోజు పాత అధికారులు చూడవచ్చారు. కుర్చీ మోయడానికి నన్నూ పిలిచారు. కాసేపటికి ఈశ్వరయ్య బతికున్న చెయ్యి ఎత్తి బూజు పెట్టె వైపు చూపించాడు. కథ కావాలి. చెప్పడానికి నోరు లేదు.

"నువ్వే చెప్పు పెంటయ్యా" అన్నారు వాళ్ళు.

బావ పెట్టె తెచ్చి, మూత తీసి, మొదటినుంచీ చెప్పాడు. నాంపల్లి స్టేషన్ దగ్గర ఆగి, ఈశ్వరయ్య కళ్ళలోకి చూస్తూ అన్నాడు.

"సేటే అన్నడు. నీ ఆకుల లెక్కనే చూసుకో అని."

అందరూ ఈశ్వరయ్య వైపు తిరిగారు. మెడ కదలడమే కష్టమైన ఆ మనిషి, తల మెల్లగా అటూ ఇటూ ఊపాడు. లేదు, అనలేదు.

"అరె, సేటు మీదికే నూకుతున్నవా!" అని గది గదంతా ఘొల్లుమంది. బావ మూత పెట్టేశాడు.

ఇంటికి రాగానే, ఈసారి కథ బావ చేతే చెప్పించారని అక్కకు చెప్పాను.

"గా మాట చెప్పినవా?" అంది ఆశగా, బావతో.

"చెప్పిన."

"మరి?"

"ఎప్పటికంటే ఎక్కువ నవ్విండ్రు."