బస్సు వెనకే భావనపాడు దాకా

ఉదయం ఆరు పదికి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో శ్రీకాకుళం ఎక్స్‌ప్రెస్ కదిలింది. ముందు నుంచి మూడో వరసలో, కిటికీ పక్కన మా ఆవిడ సరోజిని కూర్చుంది. గేటు బయట హెల్మెట్ బిగించుకుని నా పాత మోటారు సైకిలు మీద నేను కూర్చున్నాను. ఒకే ఇంట్లోంచి, ఒకే ఊరికి, ఒకే శుభకార్యానికి బయలుదేరిన మొగుడూ పెళ్ళాలం ఇలా చెరో వాహనం ఎందుకు ఎక్కామో ముందు చెప్పాలి. లేకపోతే మాకేదో తగాదా అనుకుంటారు.

మాది గంటస్తంభం దగ్గర కిరాణా హోల్‌సేల్ కొట్టు. ఒకప్పుడు వారానికి మూడు రోజులు బండి మీద లైనుకి వెళ్ళేవాణ్ణి. అంటే ఊరూరా తిరిగి చిల్లర కొట్ల దగ్గర ఆర్డర్లు రాసుకోవడం. కోటబొమ్మాళి, టెక్కలి, ఆ పైన సముద్రపు ఒడ్డు పల్లెల దాకా నా టైరు పడని రోడ్డు లేదని డప్పు కొట్టుకునేవాణ్ణి. తొమ్మిదేళ్ళ క్రితం, సముద్రం చూపిస్తానని సరోజినిని భావనపాడు తీసుకెళ్ళాను. తిరిగి వస్తుంటే నౌపడ ఉప్పు మడుల దగ్గర వాన పట్టుకుంది. ఆగుదామని ఆవిడ నా భుజం మీద రెండుసార్లు తట్టింది. "పది నిమిషాల్లో టెక్కలి" అన్నాను. ఆ పది నిమిషాలు మా ఇద్దరికీ తొమ్మిదేళ్ళు పట్టాయి.

మలుపులో బండి జారింది. నాకు మోకాలు చెక్కుకుపోయింది. ఆవిడ ఎడమ మణికట్టు విరిగింది. చేపలమ్ముకుని ఆటోలో ఊరికి తిరిగి వెళ్తున్న ఎర్రమ్మ అనే భావనపాడు మనిషి మమ్మల్ని చూసి ఆటో వెనక్కి తిప్పించింది. తన పాత చీర చింపి చెయ్యి కట్టి, టెక్కలి ఆసుపత్రి దాకా సరోజిని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు నుంచీ మా ఆవిడకి ఆమె "అప్ప", అంటే అక్క. పండక్కీ పబ్బానికీ ఫోన్లు నడుస్తూనే ఉంటాయి.

సరోజిని నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఇంక మీ వెనక ఎక్కను" అంది, అంతే. బండి గోడౌన్లో గోనె సంచుల కిందకి పోయింది.

మరి యాభై నాలుగేళ్ళ వయసులో మళ్ళీ ఎందుకు తీశావయ్యా అంటే, వ్యాపారం కోసమైతే కాదు. ఆర్డర్లన్నీ ఇప్పుడు ఫోన్లోనే వస్తున్నాయి. సరోజిని మళ్ళీ నా వెనక కూర్చోవాలి, నాకు కావలసింది అదొక్కటే. నన్ను నమ్మి కూర్చోవాలి.

మెకానిక్ అప్పన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి టైరు మీద గోరు గుచ్చాడు. "సూడ్డానికి బాగానే ఉన్నాయండి, అరగనేదు. కానీ రబ్బరు సచ్చిపోనాది. ఇలాగే ఎక్కేరంటే మళ్ళీ ఆ ఉప్పు మడే" అన్నాడు. టైర్లు రెండూ, బ్రేకు షూలు, బ్యాటరీ, చైను, క్లచ్ వైరు అన్నీ మార్పించాను. లైసెన్సు గడువు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి కాలేజీ పిల్లల వరసలో నిలబడి మళ్ళీ ఎనిమిది అంకె తిప్పి చూపించాను. మూడు వారాల పాటు, తెల్లవారగానే ఖాళీ మార్కెట్ యార్డులో తిరిగాను. ముందు బ్రేకూ వెనక బ్రేకూ కలిపి పట్టి, గీత గీసుకున్న చోట ఆపడమే నా పని. లైను తిరిగిన ఇరవై ఏళ్ళలో ఆపడం ఎలాగో ఎవరూ నేర్పలేదు, నేనూ నేర్చుకోలేదు.

దసరా వెళ్ళిన వారం ఎర్రమ్మ ఫోన్ చేసింది. కొడుకు కొత్త బోటు కొన్నాడు, పూజ చేసి నీళ్ళలోకి దింపుతాం, ఇద్దరూ రావాలి అని. నేను బండి మీద వస్తానన్నాను. సరోజిని చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుని అప్పుడు షరతు పెట్టింది.

"నేను బస్సులో వెళ్తాను. మీరు వెనక రండి. నేను దిగిన పావుగంటకి రండి, అరగంటకి రండి, ముందు మాత్రం రాకండి. ఒక్కచోట బస్సుని దాటారంటే ఆ బండి ఇనప సామాన్లవాడికి ఇచ్చేస్తాను."

అలా మొదలైంది మా ప్రయాణం. ఆవిడకి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్. నాకు ట్యాంకులో మూడు వందల పెట్రోలు.

నాతవలస దగ్గర హైవే ఎక్కేసరికి ఏడు దాటింది. నలభై ఐదు మీద స్పీడు ముల్లు నిలబెట్టి ఎడమ అంచు పట్టుకుని వెళ్ళాను. లారీ పక్క నుంచి దాటినప్పుడల్లా గాలి బండిని ఒక జానెడు అటు తోసేది. మొదటి రెండు లారీలకి హ్యాండిలు బిగబట్టేశాను. మూడోదానికి భుజాలు వదులుగా పెట్టాలని గుర్తొచ్చింది. పాత విద్య ఎక్కడికీ పోదు గానీ, తుప్పు వదలడానికి టైము పడుతుంది.

రణస్థలం దాటాక చూస్తే, మా ఆవిడ బస్సు రోడ్డు పక్కన ఆగి ఉంది. డ్రైవరు వంగి టైరు చూస్తున్నాడు. దాటితే శ్రీకాకుళంలో నేనే ముందుంటాను. ఏం చెయ్యాలో తోచక బస్సు వెనకే బండి ఆపి స్టాండు వేశాను.

కండక్టరు వచ్చాడు. "ఏటండీ, బండాగిపోనాదా?"

"లేదండీ. బస్సు ఆగింది కదా, అందుకని నేనూ ఆగాను."

వెనక కిటికీలోంచి తలపాగా చుట్టిన ముసలాయన తల బయటపెట్టి, "పెళ్ళాం లోపలున్నాదేటి బావా?" అన్నాడు. ఉందన్నాను. బస్సు బస్సంతా నవ్వింది. ముందు కిటికీలోంచి వెనక్కి తొంగి చూసిన సరోజిని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో సిగ్గో నాకు తెలియలేదు. బస్సు కదిలేదాకా ఇరవై నిమిషాలు ఎండలో నిలబడ్డాను.

తొమ్మిది ఇరవైకి శ్రీకాకుళం కాంప్లెక్సు చేరాను. సరోజిని అప్పటికే దిగి, బస్సులో పక్క సీటులో కూర్చున్న ఆవిడతో బెంచీ మీద మాట్లాడుతోంది. ఆవిడది పలాస, జీడిపప్పు వ్యాపారమట. నన్ను ఎగాదిగా చూసి, "మీ ఆయన బలే బుద్ధిమంతుడమ్మా. మాయన బస్సుకి అడ్డం పడి ఎల్తాడు, సెప్తే ఇనడు" అంది.

"ఇవాళే బుద్ధిమంతుడు" అంది సరోజిని.

ఎదురుగా హోటల్లో ఇడ్లీ, అల్లం చట్నీ తిన్నాం. నా వేళ్ళు మొద్దుబారి గ్లాసు పట్టుకోవడం రాలేదు. సరోజిని గమనించింది. అరగంట కూర్చుని, వేళ్ళు వంగాకే లేచాను. తొమ్మిది యాభై ఐదుకి బస్సు రాగానే ఆవిడ జీడిపప్పు ఆవిడతో కలిసి ఎక్కింది, పది నిమిషాలు ఆగి నేను కదిలాను.

నరసన్నపేట దాటాక నడుము పట్టేసింది. కోటబొమ్మాళిలో హైవే దిగి ఊళ్ళోకి తిప్పాను. బజారులో నా పాత ఖాతాదారుడి కొట్టు అలాగే ఉంది. ఆయన తక్కెడ వదిలేసి బయటికి వచ్చాడు.

"ఏటి సెట్టీ, ఉన్నావేటి! బండెక్కడం మానేసినావని ఇన్నాను."

"మళ్ళీ ఎక్కాను."

టీ తెప్పించాడు. నా కొత్త టైర్లు వంగి చూసి మెచ్చుకున్నాడు. భోంచేసి వెళ్ళమన్నాడు. మా ఆవిడ టెక్కలిలో కాచుకుని ఉంటుందన్నాను.

"అయితే బేగి ఎల్లు మరి!"

"బేగి వెళ్ళకూడదు. అదే షరతు."

సంగతి విని ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. కానీ సాగనంపుతూ నా భుజం గట్టిగా నొక్కాడు. ఆ నొక్కు నాకు చాలా దూరం గుర్తుంది.

పన్నెండుకి పది నిమిషాలుందనగా టెక్కలి చేరాను. సరోజిని అప్పటికే ఆటో మాట్లాడి ఉంచింది. ఆటో ముందు, నేను వెనక. నౌపడ దాటగానే రెండు వైపులా ఉప్పు మడులు, తెల్లగా కుప్పలు. ఆ మలుపు నాకు ఎవరూ చూపించక్కర్లేదు. రోడ్డు మీద ఇసుక పేరుకుని ఉంది. మలుపు రాకముందే ఇరవైకి తగ్గించాను, బండి వాల్చకుండా నిటారుగా తిప్పాను. ఆటో వెనక అద్దంలోంచి సరోజిని మొహం ఇటే తిరిగి ఉంది. మలుపు దాటాక గానీ నేను ఊపిరి తీసుకోలేదు. తీసుకున్నాక, హెల్మెట్ లోపల ఎవరూ చూడరు కాబట్టి, కాస్త ఏడ్చాను కూడా.

పన్నెండున్నరకి భావనపాడు. ఎర్రమ్మ వాకిట్లోనే ఎదురొచ్చి సరోజిని మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగున్నాది. నా కట్టు కదేటి!" అని మురిసిపోయింది. మేం చేప ముట్టమని ఆమెకి తెలుసు. "కొత్త గిన్నెల్లో ఒండినానమ్మా. పొయ్యి కూడా ఏరేగా ఎట్టినాను. సేప వోసన తగల్నియ్యనేదు" అంది. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, వంకాయ వేపుడు. ఇల్లంతా చేపల కూర ఘుమఘుమలాడుతుంటే మా ఇద్దరికీ విడిగా అరిటాకులు వేసి వడ్డించింది. అలాంటి భోజనం మా చుట్టాల ఇళ్ళలో కూడా నేను తినలేదు.

ఒడ్డున కొత్త బోటు పసుపు కుంకాలతో, బంతి దండతో మెరిసిపోతోంది. పూజ అయింది, కొబ్బరికాయలు కొట్టారు. తొయ్యడానికి ఇరవై మంది మగవాళ్ళు భుజాలు ఆనించి నిలబడ్డారు. అప్పుడు ఎర్రమ్మ భర్త లచ్చయ్య నీళ్ళ అంచు దాకా నడిచి వెళ్ళి, ఆకాశం కేసి చూసి, తిరిగి వచ్చాడు.

"గాలి మారిపోనాది. ఇయ్యాలొద్దు" అన్నాడు.

ముహూర్తం ఉంది, చుట్టాలు వచ్చారు, బోటు కొన్న కొడుకు ముందుభాగం పట్టుకుని ఉన్నాడు. అయినా ఎవరూ మారు మాట్లాడలేదు. ఇరవై మందీ చేతులు దులుపుకుని భోజనాలకి వెళ్ళారు. కొడుకు మొహం కూడా చిన్నబోలేదు. నాకది వింతగా అనిపించింది.

మూడు గంటలకి బయలుదేరడానికి లేచాం. ఎర్రమ్మ సరోజినితో, "ఆటోవోడు సెప్పినాడు, నీ మొగుడు గుడ్డు మీద కూకున్న కోడిలాగ తోలుకొచ్చినాడంట. ఇంకా ఎన్నాళ్ళమ్మా, ఎక్కీ" అంది.

సరోజిని చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, బండి దగ్గరికి వచ్చింది. వెనక సీటు మీద చెయ్యి వేసింది.

"టెక్కలి దాకా ఎక్కుతాను" అంది.

తొమ్మిదేళ్ళుగా నేను ఎదురు చూసిన మాట అది. కానీ తూర్పున, సముద్రం మీద, నల్లగా కమ్ముకొస్తోంది. మొదటి చల్లగాలి అప్పుడే మెడకి తగిలింది. పైగా నా దగ్గర ఉన్నది ఒకటే హెల్మెట్. రెండోది కొంటే ఎక్కువ ఆశ పడ్డట్టు ఉంటుందని కొనలేదు. టెక్కలి అరగంట దూరం. బహుశా వాన కన్నా ముందే చేరేవాళ్ళం. ఈ 'బహుశా' నాకు బాగా తెలిసినదే.

"వద్దు" అన్నాను. "వాన వస్తోంది. నీకు హెల్మెట్ లేదు. ఇవాళ బండి నడపను."

సరోజిని నా మొహం కేసి చూసింది. చెయ్యి సీటు మీద నుంచి వెంటనే తియ్యలేదు. లచ్చయ్య బండి తాళం అందుకున్నాడు. కొడుకూ ఆయనా కలిసి దాన్ని వలల పాకలోకి నడిపించి పట్టా కప్పారు.

మేమిద్దరం ఎక్కిన ఆటో ఉప్పు మడుల దగ్గరికి వచ్చేసరికి కుండపోత. ముందు అద్దంలో రోడ్డే కనపడక ఆటోవాడు ఒక పక్కకి ఆపేశాడు. "ఈ వోనలో తోల్నేనండి" అన్నాడు. ఆపమనే మేమూ చెప్పాం. నేనూ సరోజినీ ఆ మలుపులో, పక్కపక్కన, మోకాళ్ళు తడుస్తూ పావుగంట కూర్చున్నాం.

నాలుగున్నరకి టెక్కలిలో శ్రీకాకుళం బస్సు దొరికింది. అక్కణ్ణించి ఏడు గంటలకి విజయనగరం బస్సు ఉందన్నారు. ఈ దారిన బండి మీద వెళ్ళదలచిన వాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. హైవే బాగుంది. కోటబొమ్మాళిలో దిగి టీ తాగండి. నౌపడ మలుపులో ఇసుక చూసుకోండి. తెల్లారగట్ల బయలుదేరితే మధ్యాహ్నానికి సముద్రం చేరతారు. పొద్దున నుంచీ నూట నలభై కిలోమీటర్లు పైగా తోలాను, ఒక్క గీత పడలేదు, అందుకు సంతోషమే. అయినా బండి వదిలేసి, బస్సులో తడిబట్టలతో ఇంటికి వెళ్తున్న ఆ సాయంత్రం నాకు కలిగిన గర్వం, కుర్రతనంలో లైను తిరిగిన రోజుల్లో కూడా కలగలేదు.

నరసన్నపేట దగ్గర సరోజిని ఫోన్ మోగింది. ఎర్రమ్మ. సరోజిని విని, పెట్టేసి, కిటికీలోంచి వాన చూస్తూ అంది.

"ఆదివారం దింపుతారట బోటు. వెళ్ళేటప్పుడు ఇద్దరం బస్సులో వెళ్దాం. వచ్చేటప్పుడు బండి ఉంది కదా."

నేను తలూపాను. ఆవిడే మళ్ళీ ఇటు తిరిగింది.

"హెల్మెట్ మీరొక్కరే వెళ్ళి కొనేయకండి. నా తలకి సరిపోయిందో లేదో పెట్టుకుని చూడాలి."