వద్దంటే వెళ్లిపోతారా?

ఆ తాపీమేస్త్రి కట్టిన ఇళ్లన్నీ ఒకచోట పెడితే చిన్న ఊరవుతుంది. అలాంటి మనిషి, పరంజా మీంచి పడి నడుం విరిగాక, భార్య కూడా పోయాక, తొమ్మిదేళ్లు వంతెన కింద పడుకున్నాడు. లోకం తీరే అంత అనుకుని ఊరుకోవచ్చు గానీ, ఊరుకోబుద్ధి కాదు.

ఆ తొమ్మిదేళ్లలో పక్కన చప్పుడైందంటే ఒకటే అర్థం, లెమ్మని. పోలీసైతే లాఠీతో, కొట్టువాడైతే షట్టరు మీద అరచేత్తో. మూట చంకన పెట్టుకుని లేచిపోవడమే.

ఇల్లు లేనివాళ్లను ఆదుకునే కేంద్రం వాళ్లు చివరికి ఆయనకు మూడో అంతస్తులో గది ఇచ్చారు. మూడు నెలలు ఒంటరిగా నెగ్గుకొస్తే గది ఆయనదే. లేదంటే మళ్లీ నలభైమంది పడుకునే హాలుకు పంపేస్తారు. వచ్చి చూసిపోవడానికి ఒక అమ్మాయిని పెట్టారు.

ఆమె మొదటిసారి తలుపు తట్టగానే మేస్త్రి మూటతో బయటికొచ్చి, "పోతున్నానమ్మా, పోతున్నా" అంటూ మెట్లవైపు నడిచాడు. బతిమాలి వెనక్కి తెచ్చింది. రెండోసారీ అంతే, ఐదోసారీ అంతే. ఇది విని కేంద్రం అధికారి, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అన్నాడు. ఆయనకేం, సామెత పారేసి కూర్చుంటాడు. ఇది లాఠీతో వచ్చిన బుద్ధి.

"బాబాయ్, నేను తట్టేది నిన్ను లేపడానికి కాదు. లోపలికి రావచ్చా అని అడగడానికి," అంది అమ్మాయి.

"వద్దంటే?"

"వెళ్లిపోతా."

"వద్దంటే వెళ్లిపోతారా?" మేస్త్రికి నవ్వొచ్చింది. తన మాటకు వీధికుక్క కూడా కదిలిన పాపాన పోలేదు.

మళ్లీ తలుపు చప్పుడైనప్పుడు, మూట మీద చెయ్యేసి "వద్దు" అన్నాడు. మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు. కిటికీలోంచి చూస్తే, రెండు బస్సులు మారి వచ్చిన పిల్ల ఎండలో బస్టాపుకు నడిచిపోతోంది. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వద్దన్నాడు. రెండుసార్లూ వెళ్లిపోయింది. ఆ పైసారి తనే తలుపు తీసి, "ఊరికే తిప్పానమ్మా, ఏమనుకోకు" అని మంచినీళ్లిచ్చాడు. ఆమె వెళ్లాక కూర్చుని ఏడ్చాడు.

వానలకు కిటికీ కింద గోడ పెళ్లలూడింది. "ఒక తాపీ, కాస్త సిమెంటూ ఇసకా తెస్తావా?" అని అడిగాడు. ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు.

మూడు నెలలు నిండిన రోజు అధికారే అమ్మాయిని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చి తలుపు దబదబా బాదాడు. అచ్చం వంతెన కింది బాదుడే. మేస్త్రి కళ్లు మూటను వెతికాయి. కానీ గోడకు సిమెంటు మాలు సగమే పట్టించాడు. ఇప్పుడు వదిలేస్తే ఆరిపోయి బీటలిస్తుంది.

"ఎవరు?"

"కేంద్రం నుంచి. తలుపు తియ్యి!"

"పనిలో ఉన్నానండీ. గోడకి మాలు కొడుతున్నా. పావుగంట ఆగండి."

"గోడ ముట్టుకోమని ఎవరు చెప్పారు? ఎవర్నడిగి చేస్తున్నావ్?"

మేస్త్రి తాపీ ఆపలేదు. "నా గది గోడకి ఎవర్నడగాలి సార్?"

బయట అమ్మాయి గొంతు, ఏడుస్తోందో నవ్వుతోందో తెలీకుండా, "మెట్ల మీద కూర్చుందాం సార్" అంది.

పావుగంటకు మేస్త్రి చేతులు కడుక్కుని తలుపు తీసేసరికి, అధికారి మోకాలి మీద గది కాగితాలు పెట్టుకుని సంతకం చేస్తున్నాడు.

"ఇప్పుడు రండి," అన్నాడు మేస్త్రి.