కరిగే అంచు మీద టీచర్‌గారి వేలు

మా ఫిజిక్స్ టీచర్‌గారు పోయారు. చీరాల నుంచి వాళ్ళ తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరులో, ల్యాబ్‌లో లేజర్ సరిచేసుకుంటున్నాను. "అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా" అన్నారాయన. లేజర్ ఆపేసి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

నల్లపాడు స్కూల్లో ఆవిడ క్లాసులో కునుకు తీసినవాళ్ళు లేరు. తీయనిస్తేగా! జవాబు సరిగ్గా చెబితే "బాగుంది, మరి?" అనేవారు. ఆ 'మరి' అంటే మాకు హడలు. ఒకసారి మమ్మల్నందరినీ రైలెక్కించి చీరాలలో తమ్ముడి మరమగ్గం దగ్గరికి తీసుకెళ్ళారు. పోగుని మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతోంది, కంటికి ఆనడం లేదు. సన్నటి చీలిక కోసిన అట్టచక్రాన్ని మా కళ్ళ ముందు తిప్పారు. వేగం కుదిరేసరికి, చీలికలోంచి చూసినప్పుడల్లా నాడె దారాల మధ్య ఒకేచోట కనిపించింది. చప్పట్లు కొట్టాం.

"ఆగిందనుకుంటున్నారా? ప్రతిసారీ అక్కడికే వస్తోంది కాబట్టి మీకు దొరికిందర్రా!" అని మగ్గం హోరులో అరిచారు.

నేనిప్పుడు చేసేదీ దాదాపు అదే పని. సన్నటి లోహపు పొరను లేజర్ వెలుగుతో కుదిపి, ఆ వెంటనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఫోటో తీస్తాం. పరమాణువులు ఊగి, మళ్ళీ తమ చోటికే వచ్చి సర్దుకుంటాయి. మళ్ళీ కుదుపుతాం. లక్షలసార్లు తీసినవి కలిపితే, రెప్పపాటులో వెయ్యోవంతు కూడా పట్టని కదలిక వీడియోలా కనిపిస్తుంది.

కిందటేడు ఆ వీడియో పట్టుకుని చీరాలలో తమ్ముడింట్లో ఉన్న ఆవిడ దగ్గరికి వెళ్ళాను. అప్పటికే ఆవిడకి జబ్బు ముదిరింది. మెచ్చుకుంటారని ఎంత ఆశపడ్డానో!

"బాగుందే. మరి, సర్దుకోనిదాని సంగతేంటి? కరిగిపోయేదాన్ని లక్షసార్లు కరిగించలేవుగా?"

"దాన్ని ఒక్కసారే తియ్యాలి టీచర్‌గారూ. ఇంత బాగా రాదండి."

"రాకపోతే పోనీయ్. నాకదే కావాలి. తొందరగా తెచ్చిపెట్టు."

తొందరెందుకో ఇద్దరికీ తెలుసు. నెలల తరబడి పొర కరిగేది, ఫోటో వచ్చేది కాదు. ఆవిడ ఉండగా కాదేమోనని ఒకటే భయం. చివరికి ఒకటి వచ్చింది, బూడిద చల్లినట్టు గరుకుగా. ఆ సాయంత్రమే బయల్దేరాను.

దిండుకి ఆనుకుని ఫోన్ అందుకున్నారు. కళ్ళజోడు పైకి నెట్టి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశారు. తరవాత తెర మీద వేలు పెట్టారు.

"ఇక్కడిదాకా గట్టిగానే ఉంది. ఇదిగో, ఇక్కణ్ణుంచి కరిగిపోతోంది. అవునా?"

"అవునండి."

"మళ్ళీ రాదు కదే ఇది."

నేను తల అడ్డంగా ఊపాను. ఆవిడ ఫోన్ తిరిగివ్వలేదు. తమ్ముడు జావ తెచ్చి పక్కన పెట్టినా చూడలేదు. తెర ఆరిపోబోయినప్పుడల్లా వేలితో తట్టి వెలిగించుకుంటూ, ఆ అంచునే చూస్తూ కూర్చున్నారు.