కేకు మీద రష్యన్

ఆ రోజుల్లో, రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నిటికీ మతి పోతుందని లోకం హడలిపోతుంటే, వాటికి వైద్యం చేసే మాబోటి కుర్రాళ్లం మాత్రం మాకు తెలియనిది లేదన్నట్టు తిరిగేవాళ్లం. సిడ్నీలో దిగిన కొత్తలో నా పొగరు మరీ ఎక్కువ. (జీతం కన్నా అదే ఎక్కువుండేది.) టూంగాబీలో నేనూ, హైదరాబాదు నుంచి వచ్చిన మా భాయ్ కలిసి ఒక సెర్బియా ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాం. ఆవిడని వీధంతా ‘బాబా’ అనేది. వాళ్ల భాషలో బాబా అంటే మామ్మ. (మా భాయ్ మొదటిరోజు గడ్డం ఉన్న పెద్దాయన కోసం ఇల్లంతా వెతికాడు.) మేము అన్నం మాడ్చుకుంటే తిట్టి, తన సూపు మా గిన్నెల్లో పోసేది. ఆ ఏడే ఆవిడ భర్త పోయాడు. ప్రతి పుట్టినరోజుకూ కేకు మీద ఆవిడ పేరు ఆయనే తమ లిపిలో రాసేవాడట. “ఈసారి నో కేక్, నో బర్త్‌డే” అనేసి తలుపు వేసుకుంది. మాకు ప్రాణం ఉసూరుమంది.

“అరె యార్, నీకు రష్యన్ వస్తదని ఆఫీసంత చెప్పుకుంటవ్ గదా! ఈమెవి గూడ గా అక్షరాలే. రాసెయ్” అన్నాడు మా భాయ్. విశాఖలో రష్యన్ క్లాసులో చేరి, అక్షరమాల కాగానే ఎగ్గొట్టినవాణ్ణి. అయినా “అదెంత పని!” అన్నాను. హారిస్ పార్క్ బేకరీలో కేకు కొని, ఆవిడ పేరు ‘ల్యుబిత్సా’ అని ఐసింగుతో నేనే రాశాను. ‘ల్యు’ కోసం వాళ్ల ‘ల’ పక్కన, ఒకటినీ సున్నానీ అడ్డగీతతో కలిపినట్టుండే Ю దించాను.

బాబా కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. మొహం మాడిపోయింది. “దిస్ ఈజ్ రష్యన్” అంది. ఆ అక్షరం వాళ్లకి లేనే లేదట! లిపి ఒకటే అయినా ఏ భాష అక్షరాలు ఆ భాషకి ఉన్నాయట. కన్నడం బోర్డులు సగం సగం చదివేసే తెలుగువాణ్ణి, నా పేరు ఎవరైనా కన్నడంలో రాసి ఇదే నీ పేరంటే ఊరుకుంటానా? ఆపాటి ఇంగితం లేకపోయింది. ఉన్న దుఃఖం చాలక పెద్దావిడని ఇంకా బాధపెట్టామే అనిపించింది. “సారీ బాబా, తీసేస్తాను” అన్నాను.

“ఆగు” అంది. చెంచాతో Ю గోకేసి, ‘ల’ వీపుకి చిన్న పొట్ట తగిలించి Љ చేసి, పక్కన ఉకారం పెట్టింది. “ఇదీ నా అక్షరం. రెండు కలిసి ఒకటి.” “మా వత్తు లాంటిదే! మేము కింద తగిలిస్తాం” అన్నాను ఉండబట్టలేక. తన పేరు తెలుగులో రాయించుకుని చూసింది. “నీది కింద వేలాడుతోంది, నాది చంకనెక్కింది” అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. “ఆ రష్యన్ చూస్తే మా ఆయన లేచొచ్చి నీతో పోట్లాడును” అంటూ మొదటి ముక్క నా నోట్లో కుక్కింది.

ఆ రోజు నుంచి నన్ను పేరుతో పిలవలేదు. నాకు పెళ్లయి వేరే ఇంటికి మారాక కూడా ఫోన్ చేసి, “వేర్ ఈజ్ మై రష్యన్?” అని అడిగేది. (మా ఆవిడ మొదటిసారి రాంగ్ నంబర్ అని పెట్టేసింది.) బాబా పోయి చాలా ఏళ్లయింది. నాకు రష్యన్ ఇప్పటికీ రాదు. అయినా ఎవరైనా అలా పిలిస్తే మాత్రం, ఒక్క పిలుపుకే పలుకుతాను.