మేడమీది గదిపై ఒక ఫిర్యాదు

మా నాయిన తాండూరులో కందుల వ్యాపారి. ఆయన లెక్కలో ఖాళీ జాగా అనేది కంది బస్తాలు పెట్టుకోవడానికే పుట్టింది. అలాంటి మనిషి మా ఇంటి మేడమీది గదిని నాకూ నా స్నేహితురాలికీ కంపెనీ పెట్టుకోమని ఇచ్చాడంటే, అది కేవలం ప్రేమ అనుకుని నేను పొంగిపోయాను. అమ్మ మాత్రం, "కొత్త పంటకు ఇంక మస్తు టైమున్నది గదా, అందుకే ఇచ్చిండు" అంది.

అమ్మ మాటే నిజమైంది. "కొత్త కందులు వచ్చేదాక ఉండుండ్రి. గప్పటిదాక మీ పని నడిస్తే నేను వేరే జాగ చూస్కుంట. నడవకుంటే గదిల బస్తాలు పడ్తయ్" అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు. మేం బోర్డు రాయించిన రోజున కింద నిలబడి దాన్ని పైకీ కిందికీ చూసి, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని దుకాణానికి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. గది వదిలేది లేదని అప్పుడే అనుకున్నాను.

నా స్నేహితురాలిది మా వీధే. బడి నుంచీ కలిసి చదువుకున్నాం. వాళ్లింట్లో ఉర్దూ, మా ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. ప్రోగ్రాం రాసేది తను, ఆఫీసర్లతో మాట్లాడేది నేను. తను మాట్లాడితే అవతలివాళ్లకు అర్థం కాదు, నేను రాస్తే కంప్యూటర్‌కు అర్థం కాదు.

మేం మొదట చేసింది మా ఊళ్లో ఒక ఆఫీసు ముందుండే లైనుకు ప్రోగ్రాం. తాండూరులో ఎక్కడ చూసినా నాపరాయి ముక్కలే కదా. ఆ ఆఫీసుకు అర్జీ పట్టుకుని వచ్చినవాళ్లు ఒక రాతిముక్క మీద సుద్దతో పేరు రాసి వరుసలో పెట్టి, చాయ్ తాగడానికి పోయేవారు. మనిషి లేకపోయినా రాయి నిలబడేది. చంటిపిల్లతో ఎవరైనా వస్తే ముందున్నవాళ్లు తమ రాయి వెనక్కి జరిపి ఆమె రాయి ముందు పెట్టేవారు. దాని కోసం గొడవ పడ్డట్టు నేనెప్పుడూ చూడలేదు. ఆ పద్ధతినే మేం ఫోన్లోకి ఎక్కించాం. నంబరు తీసుకుంటే గోడ మీది తెరపై పేరు వస్తుంది. జాలి కలిగితే "మీరు ముందు" అనే బటన్ నొక్కొచ్చు, వెనకవాళ్లు ముందుకొస్తారు. అర్జీ ఇచ్చాక రసీదు వస్తుంది. అర్జీ తీరేదాకా సంబంధించిన ఆఫీసరుకు ప్రోగ్రాం గుర్తుచేస్తూనే ఉంటుంది, ఊరుకోదు. ఆ ఊరుకోని గుణం నా స్నేహితురాలిదే.

అప్పుడే ప్రభుత్వ పథకం సంగతి తెలిసింది. ప్రతి ఆఫీసూ తనకోసం కొత్త ప్రోగ్రాం రాయించుకోవడం దండగ, పెళ్లి పెళ్లికీ కొత్త షామియానా కుట్టిస్తామా అని పైవాళ్లకు తోచిందట. ఒక ఆఫీసు కోసం చేసింది ఇంకో ఆఫీసులో అక్షరం మార్చకుండా నడిస్తే, అలాంటిది చేసిన చిన్న కంపెనీలకు డబ్బు ఇస్తారు. దరఖాస్తు పెట్టాం. వికారాబాదులో అర్జీలు తీసుకునే హాల్లో నడిపి చూపించండి, కమిటీ వచ్చి చూస్తుంది అన్నారు. ఆ డబ్బు వస్తే మా పని నడిచినట్టు, గది మాది. రాకపోతే కందులది.

ఆ రోజు మా సామానుతో పాటు నాయిన కూడా కారెక్కాడు. వికారాబాదులో ఎవరో పార్టీని కలవాలన్నాడు. ఆ పార్టీ ఎవరో ఈనాటికీ మాకు తెలియదు. హాల్లో వెనక బెంచీ మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ, మా పని ఎలా చెడిపోతుందో చూద్దామన్నట్టు తెరవంక చూస్తున్నాడు.

హాలు నిండింది. దోమ, మర్పల్లి, బంట్వారం మండలాల నుంచి జనం వచ్చారు. అందరి చేతా నంబర్లు తీయించాం. పేర్లు తెర మీద చక్కగా వచ్చాయి. హైదరాబాదు నుంచి వచ్చిన కమిటీ మేడం కళ్లజోడు తుడుచుకుని కూర్చుంది. "మొదలుపెట్టండి" అంది.

మొదటి పేరున్న మనిషి లేవలేదు. ఫోన్ నొక్కాడు. రెండో పేరు పైకొచ్చింది. ఆవిడా నొక్కింది. మూడో పేరు వచ్చింది, అదీ కిందికి జారింది. తెర మీద పేర్లు పైకి రావడం, కిందికి పోవడం, మళ్లీ పైకి రావడం. కౌంటర్ దగ్గర మాత్రం ఈగ కూడా లేదు. క్లర్కు చేతులు కట్టుకుని మావైపు చూశాడు.

"ఇది లైను కాదే, జాతరల రంగులరాట్నం" అని నా స్నేహితురాలు నా చెవిలో గొణిగింది.

అప్పుడే పేరు పైకొచ్చిన ఒక మర్పల్లి పెద్దమనిషి దగ్గరికి ఉరికాను. "పెద్దయ్యా, నీ పేరు వచ్చింది కదా, పోరాదా?"

"కొత్త మిషన్ల మొదటి కాయితం నాదే ఎందుకు పడాలె బిడ్డా? గా మిషన్ మింగితే నేను ఏమి జేయాలె? ఎవలిదన్న ముందుగాల పోనీ, చూసి పోత" అన్నాడు.

పక్కనున్నామె, "అవ్, ముందుగాల ఎవలన్న పోవాలె" అంది. అందరూ తలలూపారు. తాండూరు జనం జాలితో నొక్కుతారని పెట్టిన బటన్‌ను వికారాబాదు జనం భయంతో నొక్కుతున్నారు. మా ఊళ్లో మేం తెలిసినవాళ్లం కాబట్టి మొదటి రోజు మొదటి అర్జీ ఎవరో ఒకరు ఇచ్చారు. ఇక్కడ మేమెవరమో ఎవరికి తెలుసు? ఆ ముక్క మాకు ముందే తట్టాల్సింది. తట్టలేదు.

"ఎవరూ కౌంటర్‌కు పోరేమిటి?" అని మేడం అడిగింది.

"ఇది సర్దుబాటు దశ మేడం" అన్నాను. నోటికి ఏదొస్తే అది అనడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మేడమీది గది, కిటికీ పక్కన మా రెండు కుర్చీలు, వాటి మీద కంది బస్తాలు, అన్నీ కళ్లముందు కనిపించాయి. ఏడుపు వస్తే అందరి ముందూ ఎలా అని తల దించుకున్నాను.

అప్పుడు వెనక బెంచీ చప్పుడైంది. నాయిన పల్లీల పొట్టు దులుపుకుని లేచాడు. నంబరు తీసుకున్నాడు. ముందున్నవాళ్లంతా నొక్కుతూనే ఉన్నారు కాబట్టి ఆయన పేరు చూస్తుండగానే పైకొచ్చింది. నేరుగా కౌంటర్‌కు పోయాడు.

"ఏం ఫిర్యాదు సేటు?" అన్నాడు క్లర్కు.

నాయినకు ప్రభుత్వం మీద ఏ ఫిర్యాదూ లేదు. ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత బేరంలో మాట్లాడే గొంతుతో హాలంతా వినిపించేటట్టు చెప్పాడు. "తాండూర్ల నా ఇంటి మీది గదిని నా బిడ్డ పట్టుకొని కూసున్నది. కంది పంటొస్తున్నది. బస్తాలు పెట్ట జాగ లేదు. ఖాళీ చేయించాలె."

క్లర్కు టైపు చేశాడు. రసీదు బయటికొచ్చింది, నాయిన ఫోన్ మోగింది. నాయిన ఆ కాగితాన్ని జనానికి ఎత్తి చూపించాడు. "బిల్లు వచ్చింది, చూసుకోండ్రి" అన్నాడు. అంతే. అప్పటిదాకా మీరు ముందు, మీరు ముందు అన్నవాళ్లంతా నేను ముందంటే నేను ముందని కౌంటర్ మీద పడ్డారు. ఆ తర్వాత ఆ బటన్ జోలికి ఎవరూ పోలేదు. మేడం ఏదో రాసుకుంది. ఫిర్యాదు పెట్టినాయన ఎవరో, ఆక్రమించుకున్న బిడ్డ ఎవరో ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో నాకు ఆయన మీద ప్రేమా కోపమూ కలిసి వచ్చాయి. "ఇంకే ఫిర్యాదూ దొరకలేదా నాయినా?" అన్నాను.

"సర్కార్ కాయితం మీద అబద్ధం రాయమంటవా?" అన్నాడు.

"చాచా చెప్పింది కరెక్టే గదా" అంది వెనక సీట్లోంచి నా స్నేహితురాలు. ఇద్దరూ ఒకటైపోయారు.

కమిటీ ఏ సంగతీ చెప్పకముందే కొత్త కందులు వచ్చాయి. ముందు వాకిట్లో పడ్డాయి, తర్వాత మెట్ల మీదికి ఎక్కాయి. రోజూ మేం బస్తాలు దాటుకుంటూ పైకి పోయేవాళ్లం. నాయిన గది మాట ఎత్తేవాడు కాదు. బస్తా పెట్టించేముందు మాకు కాలు పెట్టే జాగా ఉందా అని మెట్టు ఒకసారి చూసేవాడు, అంతే. అడిగితే ఖాళీ చేయమంటాడని నేనూ అడగలేదు. ఇచ్చిన మాట ప్రకారం ఖాళీ చేద్దామని మేమిద్దరం వైర్లు చుట్టడం కూడా మొదలుపెట్టాం.

అలాంటి ఒక పూట రెవెన్యూ ఆఫీసు నుంచి ఒకాయన మా ఇంటికొచ్చాడు. మెట్ల మీది బస్తాలను ఆసరాగా పట్టుకుని పైకెక్కి, రొప్పుతూ, "ఫిర్యాదుల ఉన్న గది ఇదేనా? ఏం మిషనో ఏమో, ఈ ఫిర్యాదు తీర్చినవా తీర్చినవా అని రోజూ నా ప్రాణం తీస్తున్నది" అన్నాడు. నా స్నేహితురాలు కిటికీ వైపు తిరిగి నోట్లో చున్నీ కుక్కుకుంది.

నాయిన పైకొచ్చాడు. చాయ్ వచ్చింది. రెవెన్యూ ఆయన విచారణ మొదలుపెట్టాడు.

"ఇల్లు ఎవరిది సేటు?"

"నాదే."

"మరి ఏమమ్మా, ఎప్పుడు ఖాళీ చేస్తవ్?"

"ఈ వారంలోనే" అన్నాను. చుట్టిన వైరు చేతిలోనే ఉంది.

నాయిన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గామెను అడుగుడేంది సార్? ఇల్లు నాది. గది గామెది."

"మరి ఫిర్యాదు ఎందుకు పెట్టినవ్?"

"గా రోజు లైన్ల ఎవ్వరు ముందుకు పోతలేరు. బిడ్డ తల దించుకొని నిలబడ్డది. చూడలేకపోయిన" అన్నాడు.

రెవెన్యూ ఆయన నాయిన ఫోన్ అందుకుని, సమస్య తీరిందని ఎక్కడ నొక్కాలో తనే చూపించాడు. నాకు ఏడుపు ఆగలేదు. అందరి ముందే ఏడ్చాను.

ఆ పంట కందులన్నీ మా హాల్లో పడ్డాయి. టీవీ కనిపించడం లేదని అమ్మ చాలా రోజులు నాయినతో మాట్లాడలేదు. వచ్చిన చుట్టాలు బస్తాల మీదే కూర్చుని భోజనాలు చేశారు. డబ్బు మంజూరైందని కబురొచ్చినప్పుడు నేను మెట్లు దిగి ఉరుక్కుంటూ పోయి చెప్పాను. నాయిన ఒక బస్తా మీద కూర్చుని ఇంకో బస్తాలో చెయ్యి పెట్టి గింజ చూస్తున్నాడు. విన్నాడు.

"అయితే ఇంకో మనిషిని పెట్టుకుంటరు గదా, గా గదిల ముగ్గురు యాడ పడ్తరు?" అని, లేచి, మా హాలు గోడలను కళ్లతోనే కొలవడం మొదలుపెట్టాడు.