సోమశిల కొండగోడకు కండ్లు తెరిపిచ్చొచ్చిన

వాన తగ్గేదాక జర దగ్గరికి జరిగి కూసోండ్రి. చాపమీద ఇంకా జాగ ఉన్నది. చేతుల పని పక్కకు పెట్టి ఇనండ్రి, గద్వాల నుంచి సోమశిలకు పోయొచ్చిన సంగతి చెప్త. మీరు ఎప్పుడన్న పోతే బస్సుల సంగతి తెలుస్తది. పాత ఇల్లు బాగుచేపిచ్చుకునేటోళ్లు మీలో ఉంటే ఇంకో సంగతి గూడ తెలుస్తది.

మిరుగు కార్తె వచ్చి నాలుగు రోజులైంది. ఒక పెద్దవాన పడి ఎలిసింది. సోమశిల నుంచి మా తమ్ముడు మల్లేశు ఫోన్ చేసిండు. వాడు కృష్ణల పడవ నడుపుతడు, చేపలు పడతడు. పాత ఇల్లు బాగుచేసి, నది చూడొచ్చేటోళ్లకు రెండు అర్రలు కిరాయికిచ్చి, చేపలకూర వండి పెడదామని ఆలుమగలు రెండేండ్ల సంది కష్టపడుతున్నరు. "అక్కా, ఇంటెనక గోడ ఉబ్బింది. ఇంకో వాన పడితే నిలవదంటుండు మేస్త్రి. పడగొడదామంటే దాని పైమెట్టు మీదనే ముసలామె బాలమ్మ ఇల్లున్నది. నువ్వొకపారి రా" అన్నడు.

నన్నెందుకు రమ్మన్నడంటే, ఆ గోడ మా నాయిన కట్టింది. డ్యాము కట్టినంక పాత సోమశిల నీళ్లల్ల మునిగినప్పుడు ఊరోళ్లు గుట్ట మీదికి ఎక్కిన్రు. అప్పుడు నాకు పన్నెండేండ్లు. నాయిన రాయి పనోడు. గుట్టను మెట్టు లెక్క తవ్వి, మట్టి జారకుండ ఎనక రాతిగోడ కట్టి, ఆ గోడకూ ఇంటికీ నడుమ మూడు మూరల సందు ఇడిసి ఇల్లు లేపిండు. మట్టి తట్టలు నేను మోసిన. తమ్ముడు అప్పటికి పుట్టలే. ఆ గోడ కట్టిన చేతులల్ల ఇప్పుడు మిగిలినయి నా రెండే.

ఫోన్ పెట్టేముందు వాడు ఇంకోమాట అన్నడు. "అంత దీనివల్లనే. సందుల బాత్రూం కావాలని పట్టుబట్టింది." దీని అంటే మా మరదలు చంద్రకళ. ఆ మాట ఇన్నంక నేను రాత్రికే సంచి సదురుకున్న.

పొద్దుగాల ఆరున్నరకు గద్వాల బస్టాండ్ల వనపర్తి బస్సెక్కిన. ఆధార్ కార్డు చూపిస్తే ఆడోళ్లకు జీరో టికెట్ ఇస్తరు, కార్డు మరువకుండ్రి. సంచిల రెండు జొన్నరొట్టెలు, పల్లికారం పెట్టుకున్న. ఎర్రవల్లి చౌరస్త దాటి బీచుపల్లి బ్రిడ్జి మీదికి వచ్చేసరికి ఎండ ముఖం మీద పడ్డది. కింద కృష్ణమ్మ బండల నడుమ సన్నగ పారుతున్నది. బస్సుల అందరు చెయ్యెత్తి మొక్కిన్రు, నేనూ మొక్కిన.

పక్క సీట్ల ఒకామె చీరెల మూట ఒళ్లె పెట్టుకున్నది. మగ్గం నేసేటోళ్లంట. ఎందుకు పోతున్నవంటే గోడ సంగతి చెప్పిన. ఆమె ఇని, "మా మగ్గం గుంతల నీళ్లూరుతున్నయని సిమెంటు పూపిచ్చినం. ఊరుడు ఆగింది. ఆ నీళ్లు పక్క అర్రల తేలినయి. నీళ్లను ఆపలేం తల్లీ, తొవ్వ ఇయ్యాలె" అన్నది. నేను కిటికీ దిక్కు తిరిగిన.

ఎందుకంటే నీళ్లకు నాయిన ఇచ్చిన తొవ్వను మూసింది నేనే. ఆ గోడకు ఐదు కన్నాలుండె. నాయిన వాటిని కండ్లు అనేటోడు. "గుట్ట లోపట్లోపల ఏడుస్తది బిడ్డా, ఆ నీళ్లు బయటికి రావాలె" అనేటోడు. ఏటా మిరుగునాడు మా అమ్మ పొడుగు కందికట్టె తీస్కొని ఐదు కండ్లల్ల పొడిచి, మట్టి తీసి, పసుపు బొట్టు పెట్టేది. వానకాలమంత నీళ్లు సందుల కాల్వల పడి పోయేటియి. నా పెండ్లయినంక ఒక ఎండకాలం పుట్టింటికి పోతే, ఒక కంట్లకెల్లి తేలు వచ్చి రెండేండ్ల నా బిడ్డ మడిమెను కుట్టింది. తెల్లారేదాక పిల్ల గుక్క పట్టింది. పొద్దుగాల నా పాతచీర చింపి, ఐదు కండ్లల్ల పేలికలు కుక్కి, రాళ్లు కొట్టి, మట్టితోని సాపుగ మెత్తిన. నాయిన చూసి "ఒక్కదాన్నన్న ఇడువు బిడ్డా" అన్నడు. నేను ఇనలే. ఆయన మళ్ల అడగలే. తర్వాత మిరుగుకు అమ్మ గూడ కట్టె పట్టలే. తమ్ముడప్పుడు నాలుగేండ్ల పోరడు, వానికి ఇవేం యాదిలేవు.

ఎనిమిదింబావుకు వనపర్తిల దిగిన. చాయ తాగి, ఒక రొట్టె తిని, తొమ్మిదికి కొల్లాపూర్ బస్సెక్కిన. పానగల్లు గుట్ట దాటినంక ఒకటే మామిడి తోటలు. పదిన్నరకు కొల్లాపూర్. అక్కడ సోమశిలకు ఆటోలు దొరుకుతయి, మనిషికి ముప్పై తీస్కున్నడు, నిండేదాక కదలడు.

సోమశిల చూడనోళ్లకు చెప్త. కింది ఇంటి మిద్దె ఎక్కడుంటదో మీది ఇంటి వాకిలి అక్కడుంటది. అడుగున నీళ్లు, అవతల ఒడ్డున అడవి. మా ఇంటి ముందట అంత బాగనే ఉన్నది, రంగు గూడ ఏసిన్రు. ఎనక సందుకు రేకులు కప్పి బాత్రూం కట్టిన్రు. ఇన్నేండ్లు జర జర నీళ్లూరే రాళ్ల సందులు గూడ మూసుకపోయేటట్టు నాయిన గోడకు నిలువునా సిమెంటు పూసి, దాని మీద నీలం టైల్సు అతికిచ్చిన్రు. నడుమ గర్భిణి కడుపు లెక్క ముందుకొచ్చింది గోడ. పది టైల్సు రాలి కిందబడ్డయి.

ఖాజా మేస్త్రి అక్కడనే కూసున్నడు. కొల్లాపూర్ మనిషి, నెమ్మదస్తుడు. మీద బాలమ్మను ఇల్లు ఖాళీ చెయ్యమంటే చేస్తలేదంట. "ఒక ఊరిని నీళ్లకిచ్చి వచ్చిన. ఇంకోపారి నాతోని కాదు" అన్నదంట ఆ ముసలామె.

చంద్రకళ నీళ్ల చెంబు చాపింది గని తలెత్తలే. మల్లేశు ఆమెతోని మాట్లాడక పదిరోజులైందంట.

నేను ఖాజాను అడిగిన, "భాయీ, గోడకు కన్నాలు ఇడువలేదా?"

"ఏడ కన్నాలక్కా? సాపు గోడ. ఒక్కటి కనవడ్డా పైపు పెట్టకపోదునా? ముప్పై ఏండ్ల సంది ఇదే పని చేస్తున్న" అన్నడు, జర కోపంగనే.

"కనవడవు భాయీ. నేనే మూసిన."

అని అంత చెప్పిన. చంద్రకళ చేతులనుంచి చెంబు తీస్కోకుండనే చెప్పిన. మల్లేశు నా దిక్కు తిరిగి, "గీ మాట ఫోన్‌ల చెప్తే అయిపోతుండె గదా అక్కా" అన్నడు.

"ఫోన్‌ల నీకు చెప్తే సరిపోదు. ఆమె ముందర చెప్పాలె" అన్న.

ఇగ వెతుకుడు. గోడల అమ్మ దీపం పెట్టే గూడు ఒకటున్నది. చంద్రకళ దాన్ని మూయనియ్యలే, చుట్టు టైల్సు కోపిచ్చి ఉంచింది. అదే మాకు దిక్కయింది. గూటి నుంచి ఎడమకు మూడు జానలు కొలిచిన. కట్టేనాడు ఆ కన్ను నా రొమ్ముకాడ ఉండె, ఇప్పుడు నా నడుముకు రావాలె. చెయ్యి పెట్టి "ఇక్కడ" అన్న. ఖాజా టైలు పగలగొట్టి, సిమెంటు చెక్కి, బిస్మిల్లా అని ఉలి లోపటికి దించిండు. రాయి ఊడింది. దాని ఎనక పచ్చ పేలిక తడిసి నల్లగైంది. అంచు మాత్రం గుర్తువట్టొస్తున్నది. నా చీరెనే.

పేలిక గుంజంగనే నీళ్లు దుంకినయి. ముందు ఎర్రగ, తర్వాత బురద, తర్వాత తేట. ఖాజా కాళ్లు తడిసినా జరగలే. అట్లనే కొలుచుకుంట పోతే మధ్యాన్నం మూడింటికల్ల నాలుగు కండ్లు పారినయి. ఐదోది పారలే. ఖాజా ఇనుప సలాక పెట్టి లోపట చూసి తల ఊపిండు. "ఈ మూలకు లోపట మట్టి జారింది అక్కా. సర్వికట్టెలు ఆనిచ్చి, ఈ మూల ఒక్కటి వరుస వరుసగ ఇప్పి మళ్ల కట్టాలె. మిగిలిన గోడ ఉంటది. బాత్రూం మాత్రం మరిచిపోండ్రి." బాత్రూంతోపాటు ఈ ఏడు కిరాయి ఆశ గూడ పోయింది.

మూల ఇప్పాలంటే బాలమ్మ కదలాలె. చంద్రకళ బాలమ్మ ఇంటికి ఎక్కిపోయింది. ఏం మాట్లాడిందో గని, చీకటికి ముందే ముసలామెను చెయ్యిపట్టి, ఎదురు గుట్టకున్న తన తల్లిగారింటికి తోలుకపోయింది. "ఆ వాకిట్ల కూసుంటే నా ఇల్లు కనవడతది, అందుకే పోతున్న" అని బాలమ్మ పోయేటప్పుడు నాకు రెండుసార్లు చెప్పింది.

రెండు రోజులున్న. మూలను ఇప్పే పని మొదలైంది. మూడోనాడు పొద్దుగాల నేను సంచి సదురుకుంటుంటే, మల్లేశు యాడనో చేను గట్టుకాడినుంచి పొడుగు కందికట్టె తెచ్చి, రెమ్మలు ఇరిసి, చంద్రకళకు అందిచ్చిండు.

"వచ్చే మిరుగుకు నువ్వే పొడువాలె."

"నువ్వేం జేస్తవు మరి?" అన్నది ఆమె. ఇన్ని రోజుల తర్వాత ఆలుమగల నడుమ అదే మొదటి మాట.

"బురద ఎత్తిపోస్త."

ఆమె కట్టెను గూటి పక్కన నిలబెట్టింది.

తిరుగు తొవ్వల పది గంటలకు కొల్లాపూర్‌ల నాగర్‌కర్నూల్ బస్సెక్కిన. నా బిడ్డ అక్కడనే ఉంటది, బట్టలు కుడతది. పదకొండున్నరకు చేరి, అన్నం తినుకుంట దాని మడిమె చూపియ్యమని అడిగిన. మచ్చ గూడ లేదు. "తేలు కుట్టిందా? నాకు యాదికే లేదమ్మా" అని నవ్వింది. నేను నవ్వలేకపోయిన. రెండు గంటలకు వనపర్తి బస్సు, అక్కడినుంచి గద్వాల బస్సు.

బీచుపల్లి బ్రిడ్జికాడికి వచ్చేసరికి వాన అందుకున్నది. అద్దాలు గుంజిన్రు. నాకు పానం ఆగక చంద్రకళకు ఫోన్ చేసిన. అక్కడ గూడ పడుతున్నదంట. "మూలకు పట్ట కప్పినం వదినె. గోడ నిలిచింది. ఇనుండ్రి" అని ఫోన్ గోడకాడ పెట్టింది. బస్సు సప్పుడుల చెవు మూసుకొని ఇన్న. నాలుగు ధారలు పడుతున్నయి.

పాత ఇల్లు బాగుచేసేటప్పుడు కట్టినోళ్లను అడగండ్రి. వాళ్లు లేకుంటే తట్ట మోసినోళ్లను అడగండ్రి. మూసినోళ్లయితే, అడగకముందే చెప్పండ్రి. నేను ఇరవై ఎనిమిదేండ్లు చెప్పలే.

ఇగ లేవండ్రి, వాన తగ్గింది. మీ ఇంటి గోడలు నీళ్లకు తొవ్వ ఇయ్యాలె, మీ పిల్లల కాళ్లకింద పురుగు రావొద్దు, మీ ఆలుమగల నడుమ పదిరోజుల మౌనం ఎన్నడు పడొద్దు. మీ ఇల్లు సల్లగుండ.